ఆది చొక్కా

వీపు నడిమధ్యలో ఎటునుంచీ చెయ్యి అందని చోటు ఒకటుంటుంది. భార్య ఉన్నన్నాళ్ళు మాస్టారికి ఆ చోటు గురించి ఆలోచించే పని పడలేదు. ఇప్పుడు చెక్క స్కేలు చివర మెత్తటి గుడ్డ చుట్టి, దానికి మందు రాసి, భుజం మీదుగా వెనక్కి దింపుతారు. అద్దంలో చూస్తూ దింపితే ఎడమ కుడవుతుంది. అందుకని కళ్ళు మూసుకుంటారు.

ఆ సోమవారం పొద్దున ఎంత నొక్కినా మందు రాలేదు. పోయిన వారమే తెచ్చిన గొట్టం. అడుగు నుంచి చుట్టుకుంటూ వచ్చి, చివరికి కత్తెరతో దాని పొట్ట చీల్చి, లోపల అంటుకున్న కాస్తా వేలితో తీసుకున్నారు. 'మతిపోతోంది. రాసిన చోటే మళ్ళీ రాస్తున్నానేమో' అనుకున్నారు.

తర్వాత పక్క దులిపారు. రాత్రి ఒంటి మీంచి రాలిన పొట్టంతా దుప్పటి మధ్యకు చేర్చి, నాలుగు మూలలూ కలిపి ఎత్తి, పెరటి గుమ్మం దగ్గర విదిలించారు. మంచం చుట్టూ నేల తడిగుడ్డతో తుడిచారు. కూతురు లేచేలోగా ఇదంతా అయిపోవాలి. రోజూ తుడిచాక గుడ్డ పిండుతూ, "ఇది నాతోనే పోవాలి" అని గొణగడం ఆయనకు అలవాటు. ఎవరికీ వినపడదనే ఆయన నమ్మకం.

"నాన్నా, నాకో చొక్కా కుట్టాలి. శుక్రవారం ఇంటర్వ్యూ ఉంది."

కూతురు అప్పటికే లేచి వంటగది గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏం పని?"

"కళ్ళజోళ్ళ కంపెనీలో. వచ్చినవాళ్ళని పలకరించి కూర్చోబెట్టడం."

"నువ్వు పలకరిస్తే ఇంకేం, కళ్ళు బాగున్నవాళ్ళు కూడా కొనుక్కుపోతారు. చేతులు ఎంత పెట్టను?"

"నిండుగా. మణికట్టు దాకా."

"ఈ ఎండల్లోనా?"

"లోపల ఏసీ. రంగు తెలుపు."

"తెలుపంటే ఆస్పత్రి దుప్పటిలా ఉంటుందంటావుగా!"

"ఇప్పుడు బానే ఉంటుందిలే."

"సరే, ఆది ఇవ్వు."

అడుగుతారని తెలిసినట్టు ఆమె చేతిలో మడతపెట్టిన పాత చొక్కా సిద్ధంగా ఉంది. రెండేళ్ళ కిందట ఆయన కుట్టిందే, నీలం, పొట్టి చేతులది. బల్ల మీద పెట్టింది.

"సొంత కూతురికైనా ఆది లేకుండా కుట్టవు" అంది.

ఆయన దాన్ని హాస్యమనుకుని నవ్వారు.

*

కొలతలకు బదులు ఇచ్చే పాత బట్టే ఆది. దాన్ని పరిచి, దాని మీంచి కొలిచి, కొత్తది కత్తిరిస్తారు. టైలర్లందరూ ఎప్పుడో ఒకప్పుడు చేసే పనే, కానీ మాస్టారు ఎప్పుడూ అంతే చేస్తారు. అందుకే ఆయన్ని ఆది మాస్టారంటారు. చాలా ఏళ్ళ కిందట కొలత తీస్తుంటే, ఆయన చెయ్యి చూసి ఒక భుజం టేపు కింద నుంచి అరంగుళం పక్కకి జరిగింది. ఆ అరంగుళాన్ని ఆయన ఏ చొక్కాలోనూ సర్దలేకపోయారు. అప్పటి నుంచీ మనుషుల్ని కొలవడం మానేశారు.

షాపు పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. గాజు తలుపు పక్కన యజమాని బల్ల, దాని వెనక కటింగ్ బల్ల, చివర రెండు మిషన్లు. కిటికీ కింద పీట మీద కాజాలక్క. కాజాలు చేత్తోనే తీస్తుంది, గుండీలు కుడుతుంది, నోటికి మాత్రం గుండీ పెట్టదు.

ఆ పొద్దున మొదట వచ్చినవాడు ఒక బొద్దుమనిషి. కొత్త చొక్కా చంకలో పెట్టుకుని వచ్చాడు.

"మాస్టారూ, ఇది తొడుక్కుంటే ఊపిరాడట్లేదండీ."

"మీరిచ్చిన ఆది ఎప్పటిది?"

"పెళ్ళినాటిది. బాగా కుదిరిందని దాచుకున్నా."

"ఆది ఆనాటిది, పొట్ట ఈనాటిది. నేనేం చెయ్యను?"

"పొట్ట ఎదురుగానే ఉంది కదండీ, చూసి కుట్టొచ్చుగా!"

"మా అన్నయ్య పొట్టలతో మాట్లాడడు బాబూ" అంది కాజాలక్క దారం పళ్ళతో తెంపుతూ. "చొక్కాలు చెప్పిందే వింటాడు. మెడలో ఆ టేపు చూశారూ? కోరలు తీసిన పాము. ఊరికే వేలాడుతుంది."

బొద్దుమనిషి కూడా నవ్వాడు. పక్కలు విప్పి వదులు చేస్తానని మాస్టారు చొక్కా తీసుకున్నారు. అతను దాన్ని ఆయన చేతికివ్వలేదు, బల్ల మీద పెట్టాడు. అందరూ అంతే. సుద్ద, సూది, కత్తెర, టీ గ్లాసు, ఏదైనా ముందు బల్ల మీదికి వస్తుంది, అక్కణ్ణుంచి ఆయన తీసుకుంటారు. కాజాలక్క ఒక్కతే అరచేతిలో పెడుతుంది. ఆమెకి ఆ సంగతి తెలుసో లేదో ఆయన ఎప్పుడూ అడగలేదు. అడిగితే తెలిసిపోతుంది, తెలిస్తే కావాలని చేసినట్టవుతుంది.

పదకొండు గంటలకు హోటలు మేనేజరు వచ్చాడు. వడ్డించేవాళ్ళకి, గుమ్మం దగ్గర నిలబడేవాళ్ళకి, అందరికీ ఒకే రకం బట్టలు కావాలి. డ్రైవరు ముదురు నీలం గుడ్డ తాను మోసుకొచ్చి కటింగ్ బల్ల మీద దించాడు. మాస్టారు రెండు మూరలు విప్పి, బొటనవేలితో రాసి నిలువు పోగు ఎటు పోతోందో చూస్తున్నారు. మంచి గుడ్డ. ఆ ఇష్టంలో కాస్త ముందుకి వంగారు. చొక్కా చేతులు పైకి జరిగాయి. నీలం మీద నాలుగు తెల్లటి పొట్టురేకులు రాలాయి.

"ఏంటది?" అన్నాడు మేనేజరు.

"సుద్దండీ" అన్నాడు యజమాని వెంటనే.

మేనేజరు గుడ్డ వైపు చూడలేదు. మాస్టారి మణికట్టు వైపు చూశాడు. అక్కడ చర్మం ఎర్రగా, పైన పెచ్చులు కట్టి ఉంది. జేబురుమాలు తీసి తన చేతులు తుడుచుకున్నాడు. ఆ చేతులు అప్పటిదాకా దేన్నీ ముట్టుకోలేదు.

అతనూ యజమానీ గాజు తలుపు అవతలికి వెళ్ళి నిలబడ్డారు. పెదాలు కదలడమే కనిపిస్తోంది. మాస్టారు బ్రష్షు తీసుకుని నాలుగు రేకుల్నీ ఎడమ అరచేతిలోకి దులుపుకున్నారు. అంతలో ఎవరో తలుపు తీసుకుని లోపలికి రావడంతో చివరి మాటలు చెవిన పడ్డాయి.

"అంటదనే అనుకుందామండీ. కానీ అన్నం తినేచోట తిరిగే బట్టలు కదా."

తలుపు మూసుకుంది.

"వాడి మొహం!" అంది కాజాలక్క. "కందకు లేని దురద కత్తిపీటకెందుకంట?"

అని, ఏమన్నదో అప్పుడు తోచి, నాలిక కరుచుకుంది. మాస్టారికి నవ్వొచ్చింది. నిజంగానే వచ్చింది.

"కందకి ఉందమ్మా. లేకేం!" అన్నారు.

"అయినా డాక్టరేమన్నాడు అన్నయ్యా? అంటదు అన్నాడు కదా?"

"అంటదు, పోదు అన్నాడు."

"అయితే అది రోగం కాదు, చుట్టం. వెళ్ళినట్టే వెళ్ళి, సంచీ మర్చిపోయానని మళ్ళీ వస్తుందే, ఆ రకం."

సుద్దముక్క ఆయన అరచేతిలో పెట్టి పీట మీదికి వెళ్ళిపోయింది.

*

మంగళవారం యజమాని రెండు మూరల వెడల్పున్న బూడిదరంగు గుడ్డ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మాస్టారూ, దీనికి కాస్త అంచు మడిచి కుట్టిపెట్టండి. పైన కడ్డీ దూరేలా గొట్టంలా వదలండి."

దేనికని మాస్టారు అడగలేదు. గుడ్డ పోగులు ఊడుతుండటంతో రెండు మడతలు వేసి కుట్టారు. కింద బరువు ఉంటే వేలాడినప్పుడు మెలితిరగదని అంచులో సన్నటి గొలుసు ముక్క కూడా దూర్చారు. మధ్యాహ్నం అది కటింగ్ బల్లకీ గాజు తలుపుకీ మధ్య వేలాడింది. ఆయన లోపల ఉన్నారు. చక్కగా, తిన్నగా, ఒక్క ముడత లేకుండా వేలాడింది.

యజమాని తెర పక్కకి జరిపి లోపలికి వచ్చాడు. ఒక అట్టపెట్టె బల్ల మీద పెట్టాడు. రబ్బరు తొడుగులు.

"ఏమీ అనుకోకండి మాస్టారూ. వాళ్ళ ఆర్డరు అయ్యేదాకానే. మీ చెయ్యి ఏంటో నాకు తెలీదా? కానీ చూసేవాళ్ళ కళ్ళు మనం కుట్టలేం కదా."

"కుట్టలేం" అన్నారు మాస్టారు.

"షాపులోంచి బయటికెళ్ళే ప్రతిదీ తొడుగుల్తోనే ముట్టుకోండి. అలా మాటిచ్చాను."

వెళ్ళినవాడు మళ్ళీ వచ్చాడు. తన బల్ల మీది ఫ్యాను తెచ్చి తెర లోపల పెట్టి, తిప్పి, గాలి ఆయన మీదికే వస్తోందో లేదో చూసి వెళ్ళాడు. ఆ తర్వాత బయట అతను చొక్కా పైగుండీ విప్పి అట్టముక్కతో విసురుకుంటూ కూర్చోవడం తెర సందులోంచి కనిపించింది. చెడ్డవాడై ఉంటే కోప్పడటం ఎంత తేలికగా ఉండేదో.

తొడుగుల్లో వేళ్ళు గుడ్డివయ్యాయి. చేతిలో గుడ్డ ఉందని కళ్ళు చెప్తున్నాయి గానీ వేళ్ళు ఒప్పుకోవడం లేదు. ఏది నిలువు పోగో, ఏది అడ్డ పోగో వెలుతురుకి పట్టి చూసుకోవాల్సి వచ్చింది. గంటకల్లా లోపల చెమట పట్టి, పగుళ్ళు మండటం మొదలెట్టాయి. బయట ఎవరో అడుగుతున్నారు, "మాస్టారు లేరా?" అని. యజమాని గొంతు, "లోపల ఉన్నారు, మీ ఆది నాకివ్వండి" అంది.

బుధవారం హోటలు కత్తిరింపులు ఒక విడత అయ్యాక కూతురి చొక్కా మొదలుపెట్టారు. నీలం చొక్కాని ఆదిగా పరిచి, ఒళ్ళంతా దాని ప్రకారం గీశారు. చేతులకి ఆదిలో ఉన్నది మోచేతి పైదాకానే. అక్కణ్ణుంచి మణికట్టు దాకా ఊహించాలి. కూతురి చెయ్యి ఎంత పొడుగు? కళ్ళు మూసుకుంటే ఆయనకి గుర్తొచ్చింది ఆమె ఎనిమిదో ఏట చెయ్యి, రోడ్డు దాటుతూ ఆయన చూపుడువేలు పట్టుకున్నది. ఆ తర్వాతది గుర్తు రాలేదు. పైభాగం వెడల్పే కిందికి కొద్దికొద్దిగా తగ్గిస్తూ గీసి కత్తిరించారు.

కుట్టి, ఇస్త్రీ చేసి, ప్రతి కుట్టూ లోపలా బయటా బ్రష్షుతో దులిపారు. తెల్లగుడ్డ మీద కనిపించదు గనక రెండుసార్లు దులిపారు. ఎవరూ చూడటం లేకపోయినా తొడుగులు తియ్యలేదు. మాటిచ్చింది యజమానే అయినా మాట మాటే. కాగితంలో చుట్టి సంచీలో పెట్టాకే తొడుగులు ఊడదీశారు. వేళ్ళు నీళ్ళలో నానినట్టు తెల్లబడి ఉన్నాయి.

*

గురువారం సాయంత్రం ఇంకా వెలుగు ఉండగానే ఇంటికొచ్చారు. కూతురు కాగితంతో సహా చొక్కా తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. చాలాసేపు రాలేదు.

"ఎలా ఉంది?"

"ఒళ్ళు బాగుంది. మోచేతుల దగ్గర పట్టేస్తోంది. చెయ్యి వంగట్లేదు."

"బయటికి రా, చూద్దాం."

"విప్పి ఇస్తాలే. ఒక అరంగుళం వదులు చెయ్యి చాలు."

"తొడుక్కుని ఉంటేనే కదమ్మా తెలిసేది! చెయ్యి చాపు, ఒక్క నిమిషం."

"వద్దన్నానుగా నాన్నా!"

తలుపు కొంచెం తెరుచుకుంది. చొక్కా ఒక్కటే బయటికి వచ్చి కుర్చీ వీపు మీద పడింది. తలుపు మూసుకుంది.

వంటగదిలో ఇస్త్రీ బల్ల మీద ఎప్పుడూ పరిచి ఉండే ముదురు గోధుమరంగు కంబళి ఉంది. దాని మీద చొక్కా చేతిని తిరగేశారు. కుట్టు విప్పడానికి మోచేతి దగ్గర వేలితో తట్టి సాగదీశారు. గోధుమరంగు మీద తెల్లటి పొట్టు రాలింది.

మొదట ఒళ్ళు మండింది, తన మీద తనకే. అంత దులిపినా అంటించాను. రేపు ఇంటర్వ్యూకి వెళ్ళే పిల్ల చొక్కాకి కూడా అంటించాను. మేనేజరు అన్నదాంట్లో తప్పేముంది? చేతిని విదిలించారు. ఇంకాస్త రాలింది. రెండో చెయ్యి తిరగేశారు. సరిగ్గా అదే చోట, మోచేతి లోపల, మళ్ళీ. మోచేతికి ఆనిన గుడ్డ మీద పలచటి నూనె మరక. వాసన చూశారు. తన మందు వాసన.

ఆయన చేతులు ఆగిపోయాయి.

ఈ చొక్కాని తను ఒట్టి చేత్తో ఇప్పుడే మొదటిసారి ముట్టుకున్నారు. కత్తిరించింది తొడుగుల్తో. కుట్టింది తొడుగుల్తో. దులిపింది, మడిచింది, కాగితంలో చుట్టింది అన్నీ తొడుగుల్తోనే. ఈ పొట్టు తనది కాదు.

వారానికే అయిపోయిన మందు గొట్టం గుర్తొచ్చింది. తెలుపు రంగు గుర్తొచ్చింది. తను ఎందుకు తెల్లచొక్కాలే వేసుకుంటారో ఆ పిల్లకి తెలుసు.

తలుపు తట్టలేదు. దాని దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఎన్నాళ్ళయిందమ్మా?"

కాసేపటికి గడియ తీసిన చప్పుడు. కూతురు పాత పొడుగుచేతుల రాత్రిచొక్కాలో ఉంది. మంచం మీద కూర్చుంది. ఆయన గుమ్మంలోనే ఉండిపోయారు.

"ఎనిమిది నెలలు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? రోజూ పొద్దున నేల తుడుస్తూ ఏమంటావు నువ్వు?"

ఆయన గోడ వైపు చూశారు.

"'ఇది నాతోనే పోవాలి' అంటావు. గోడ అంత మందంగా లేదు నాన్నా, నాకు చిన్నప్పటి నుంచీ వినపడుతుంది. నీతో పోలేదని నీకు నేను చెప్పాలా?"

"డాక్టరు, పిల్లలకి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. రాదనే…"

"వచ్చింది. దానికి నేను ఏడవలేదు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "ఎలా దాచాలో మాత్రం ఎవర్నీ అడగాల్సిన పని పడలేదు. తెల్లబట్టలు వేసుకోవాలి. అందరికంటే ముందు లేవాలి. ఎవరైనా చెయ్యి చాపితే మనం సంచీ చాపాలి. అన్నిటికీ ఇంట్లోనే ఆది ఉంది."

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. కొలత చెప్పినట్టు చెప్పింది.

మాస్టారు లేచి మెడలోని టేపు తీశారు. తీశాక ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు చేతిలో పట్టుకుని నిలబడ్డారు. తర్వాత మంచం పక్కన నేల మీద కూర్చున్నారు.

"చెయ్యి ఇవ్వు."

ఆమె టేపు వైపు చూసింది. చొక్కా చెయ్యి పైకి మడిచింది. మోచేతి మీద అరచేయంత మేర ఎర్రటి మచ్చ, అంచులో వెండిరంగు పెచ్చులు. తన మోచేయే, కొత్తగా కుట్టినట్టు. ఆయన టేపు చుట్టూ తిప్పి పట్టారు. వేళ్ళు ఆ మచ్చ మీదే ఆనాయి. ఆమె భుజం కదల్లేదు.

"పదిన్నర" అన్నారు. "పది అనుకుని కత్తిరించాను."

"రెండేళ్ళ కిందటి ఆది కదా" అంది ఆమె. మడిచిన చెయ్యి కిందికి దించుకుంటూ, "వీధిలో కాజాలక్క కనిపించింది. నీకు తెర కట్టారంటగా" అంది.

"ఊఁ."

"తెర నువ్వే కుట్టావంటగా."

ఆయన టేపు చుట్ట చుడుతున్నారు.

"రేపు నేను అక్కడ కూర్చుని అందర్నీ పలకరించాలి. నువ్వేమో లోపల కూర్చుంటావు. ఇంక నేను ఎవర్ని చూసి వెళ్ళను నాన్నా?"

ఆయన లేచి తెల్లచొక్కా దగ్గరికి వెళ్ళారు. చేతుల కుట్లు విప్పి, మిగిలిన గుడ్డలోంచి రెండు పట్టీలు కత్తిరించి, అతుకు తెలియకుండా వేసి, వెలుగు పోయేలోగా ముగించారు.

*

శుక్రవారం పొద్దున స్కేలు చివర గుడ్డ చుడుతుంటే కూతురు వచ్చి స్కేలు లాక్కుని కిటికీలో పెట్టింది. మందు తన వేళ్ళకి తీసుకుని, వీపు మీద ఆ అందని చోట రాసింది.

షాపులో మాస్టారు తెర పక్కకి లాగి, మేకుకి ముడేశారు. తొడుగుల పెట్టె తీసుకెళ్ళి యజమాని బల్ల మీద పెట్టారు.

"ఏంటిది మాస్టారూ?"

"వీటితో పోగు తెలియట్లేదండీ."

"పదకొండింటికి ఆయన వస్తాడు. తెలుసుగా?"

"తెలుసు."

"అప్పటికి మీరిలాగే ఉంటే…" యజమాని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంత పెద్ద ఆర్డరు నేను వదులుకోలేను. మిమ్మల్ని వదులుకుంటాను. ఇష్టమై కాదు."

"మీరు ముందే చెప్పారు, అది మంచిదే" అన్నారు మాస్టారు. ఆయన నిజంగానే అలా అనుకున్నారు.

కాజాలక్క ఆ పొద్దున ఒక్క జోకూ వెయ్యలేదు.

బొద్దుమనిషి తన చొక్కా కోసం వచ్చాడు. ఇంకో చొక్కా కూడా కుట్టాలన్నాడు. మాస్టారు టేపు విప్పి ఎదురుగా నిలబడ్డారు. అతను చిన్నగా దగ్గి, నవ్వి, ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎందుకండీ మీకు శ్రమ! ఈసారి కొత్త ఆదే తెచ్చానుగా" అని సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. మర్యాదగానే అన్నాడు. మాస్టారు టేపు మళ్ళీ మెడలో వేసుకున్నారు.

పదకొండుకి ఐదు నిమిషాలుండగా గాజు తలుపు తెరుచుకుంది. వచ్చింది కూతురు. తెల్లచొక్కా, మణికట్టు దాకా చేతులు, రెండు చేతుల గుండీలూ పెట్టుకుని ఉంది. ఇంటర్వ్యూ పదకొండున్నరకి.

ఆమె ముడేసిన తెర వైపు చూసింది. తర్వాత కటింగ్ బల్ల దగ్గరికొచ్చి, బొద్దుమనిషీ యజమానీ చూస్తుండగా, కుడిచెయ్యి చాపింది.

"నాన్నా, ఇక్కడ బిగుతుగా ఉంది."

బిగుతుగా లేదు. చూడగానే ఆయనకి తెలిసింది. అయినా గుండీ విప్పారు. చొక్కా చెయ్యి రెండు మడతలు పైకి మడిచారు. మణికట్టు మీద రూపాయి బిళ్ళంత ఎర్రమచ్చ బయటపడింది. ఆయన టేపు తీసి, ఒట్టి చేతుల్తో ఆమె మణికట్టు చుట్టూ తిప్పారు. ఇద్దరి చర్మాలూ టేపు కింద పక్కపక్కన ఉన్నాయి, ఏది ఎవరిదో రంగు బట్టి చెప్పలేనట్టు.

గుమ్మం ముందు కారు ఆగిన చప్పుడు. యజమాని లేచి నిలబడి, తెర వైపూ, మాస్టారి వైపూ చూశాడు. కాజాలక్క సూది గుడ్డలో గుచ్చి ఆపింది.

"ఎంతుంది?" అంది కూతురు. ఆమె తలుపు వైపు చూడటం లేదు.

"ఉండు" అన్నారు మాస్టారు, టేపు మీదికి వంగి. "సరిగ్గా చూడనీ."